అడుగుమెట్టు సింహాసనం

చదివేవారికి ముందుగా నా దండాలు. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. మా ఆయన పోయిన మరుసటి ఏడు, యాభై తొమ్మిదో ఏట పలక పట్టాను. ఒత్తు ఉండవలసిన చోట లేకపోయినా, లేని చోట ఉన్నా మన్నించి చదువుకోండి. చెయ్యి కూడా నెమ్మది. ఈ ఒక్క ప్రకరణానికి రెండు వానాకాలాలు పట్టింది. మా గ్రంథాలయంలో నాకు చదువు చెప్పిన హైమవతి టీచరు ఒక మధ్యాహ్నం చీనా దేశపు సంగతులు చదివి వినిపించారు. అక్కడ తావో అని ఒక మార్గం ఉందట. ఆ మాటకు దారి అనే అర్థమట. నీళ్లు పల్లానికి దిగినట్టు పెద్దవాడు కిందికి దిగి ఉండాలని, తనంతట తాను జరిగే పనిలో చెయ్యి పెట్టకూడదని ఆ మార్గంలోని పెద్దలు అనుకునేవారట. ఆ రోజు సంతోషంతో నాకు అన్నం సయించలేదు. ఈ సలిలావతీ రాజ్యం అలా పుట్టింది. టీచరుగారు చల్లగా ఉండాలి. ఇక కథలోకి రండి.

*

"ఒళ్లు బిగబట్టకు బాబూ! వదిలెయ్!" అని అరిచింది పడవ నడిపే ముసలి నూకమ్మ.

తరళానది నడిమధ్య ఆమె గుండ్రటి పుట్టి పడవ బొంగరంలా తిరుగుతోంది. వెనకనుంచి రెండు మొసళ్లు నోళ్లు తెరుచుకుని వస్తున్నాయి. రాజకుమారుడు నీరదుడు ఒర నుంచి కత్తి దూసి లేచి నిలబడ్డాడు. పుట్టి ఒక పక్కకు ఒరిగింది. మరుక్షణం అతను మెడలోతు నీళ్లలో ఉన్నాడు.

"కాళ్లూ చేతులూ కొట్టుకోకు! మొసలికి అదే పిలుపు. వెల్లకిలా తేలు. నదే మోస్తుంది!"

ఈత రానివాడికి ఆ మాట వినడం కష్టమే. కానీ వేరే దారి లేదు. నీరదుడు కళ్లు మూసుకుని ఒళ్లు వదిలేశాడు. సుడి అతన్ని మెల్లగా ఒక చుట్టు తిప్పి పుట్టి పక్కకే తెచ్చింది. నూకమ్మ జుట్టు పట్టి లోపలికి లాగింది. అతను కదలకపోవడంతో జాడ అందక మొసళ్లు అటే పోయాయి.

నూకమ్మ నదికి చేతులెత్తి, "దారి ఇచ్చావు తల్లీ," అంది. ఆ దేశంలో కృతజ్ఞత చెప్పుకునే మాట అదే. అన్నం పెట్టిన తల్లికీ, నీడ ఇచ్చిన చెట్టుకీ, దెబ్బకు కట్టు కట్టిన వైద్యుడికీ అందరూ అదే అంటారు.

"పన్నెండేళ్లు కత్తిసాము నేర్చావట. కూర్చోవడం మాత్రం నేర్పలేదా మీ గురువు?"

"ఈ కత్తి నా ప్రాణం అవ్వా. చచ్చినా దీన్ని వదలను."

"చచ్చాక వదలకపోతే ఎవరికి లాభం బాబూ," అని నవ్వి ఆమె తెడ్డు వేసింది.

నీరదుడు సలిలావతీ రాజు సౌమ్యకీర్తి కొడుకు. ఎనిమిదో ఏట అతన్ని హంసకూట పర్వతం మీది గురువు దగ్గరికి పంపారు. ఇప్పుడు ఇరవై ఏళ్లు నిండాయి. నెలక్రితం గురువు అతన్ని పిలిచి చెప్పాడు: "ధూమదంష్ట్రుడనే మాంత్రికుడు నీ తండ్రిని పడదోసి తానే సౌమ్యకీర్తినని చెప్పుకుంటున్నాడు. జనం నమ్మారు. నువ్వు వెళ్లాలి."

జనం ఎందుకు నమ్మారో తెలియాలంటే ఆ దేశపు పద్ధతి చెప్పాలి.

నీరదుడి ముత్తాత కాలంలో చీనా నుంచి ఒక ముసలి సాధువు ఓడ దిగి వచ్చాడు. చింతగింజంత కళ్లు, నడుము దాకా గడ్డం. జనం ఆయన్ని చీనా తాత అన్నారు. ఆయన రాజుతో ఉన్న పదేళ్లలో చట్టమంటూ ఒక్కటీ రాయించలేదు. మూడే మూడు అలవాట్లు చేయించాడు. మొదటిది, రాజుగారి పొలం ఊళ్లోకెల్లా పల్లంలో ఉండాలి. రెండోది, ఏటా వరద వచ్చినప్పుడు రాజు తన చేత్తో కరకట్టకు గండి కొట్టి నీళ్లను ముందు తన పొలంలోకే వదలాలి. మూడోది, సభామండపం. దాన్ని చూడటానికి దేశదేశాల వాళ్లు వచ్చేవారు. అది పైకి లేచిన మేడ కాదు, లోతుకు దిగిన బావి. చుట్టూ తామరపూలు చెక్కిన నూటఎనిమిది పాలరాతి మెట్లు, మెట్టుమెట్టుకీ గంధపు చెక్క గట్లు, పైనుంచి పగడపు రంగు ఎండ. ఫిర్యాదు చెప్పుకునే బెస్తవాడు పై మెట్టు మీద కూర్చుంటాడు. అన్నిటికన్నా అడుగు మెట్టు మీద ఒక ఈత చాప. దాని మీద రాజు. అదే సింహాసనం.

ఆ దేశంలో సన్న దారిలో ఇద్దరు ఎదురుపడితే పక్కకు తప్పుకున్నవాడే పెద్దమనిషి. అంగట్లో భటులు కర్రయినా పట్టుకునేవారు కారు. పోట్లాటలు ఉండేవి, కానీ ఎవరు ముందు తగ్గుతారా అనే పోటీలో చల్లారిపోయేవి.

ఇంత మంచి పద్ధతిలో ఒక లోటు దాగి ఉందని చీనా తాతకు కూడా తట్టలేదు. రాజు ఊరేగడు. బొమ్మ చెక్కించుకోడు. సభలో అందరికన్నా కింద కూర్చుంటాడు. అందుచేత ప్రజలకు రాజుగారి నడినెత్తి తెలుసు, మొహం తెలియదు! ధూమదంష్ట్రుడు రూపం మార్చే శ్రమ కూడా పడలేదు. దగ్గరగా ఎరిగిన మంత్రులనూ వంటవాళ్లనూ మొదటి రోజే పాచిరాళ్లుగా మార్చి, కిరీటం పెట్టుకుని ఎదుటికి వచ్చాడు. "ఓహో, రాజుగారి మొహం ఇలా ఉంటుందా," అనుకున్నారు జనం.

తర్వాత ఏడంతస్తుల నల్లరాతి మేడ కట్టించి దాని కొసన కూర్చున్నాడు. నదికి అడ్డంగా మంత్రంతో కాల్చిన రాళ్లతో గోడ లేపాడు. మూడో పగలు పొద్దు వాలే వేళకు నది ఆ గోడ వెనకే నిలిచి ఉంటే లోకంలోని నీళ్లన్నీ వాడి మాట వింటాయి. వాన కూడా వాడు చెప్పిన చోటే పడుతుంది. ఇవాళ మూడో పగలు. పొద్దు వాలేదాకానే గడువు. ఏటా నదికి దారి ఇచ్చిన చెయ్యి ఏదో ఆ చేతి దెబ్బకే ఆ కాల్చిన రాయి లొంగుతుందని గురువు చెప్పాడు. రాజును చంపితే నది ఆ క్షణమే కట్టు తెంచుకుంటుంది కనుక మాంత్రికుడు ఆయన్ని చంపలేదు. నాలుక కట్టేసి, గోడకు రాళ్లు మోసే వెయ్యిమంది కూలీల్లో ఒకడిగా పడేశాడు.

ఆ వెయ్యిమందిలో తండ్రిని పట్టుకోవాలి. పొద్దు అప్పటికే నడినెత్తి దాటింది.

"మొహం నాకు తెలియదు. ఎనిమిదేళ్లప్పుడు చూసిందే," అన్నాడు నీరదుడు.

"నాకూ తెలియదు. మా ఆయన పుట్టి మునిగిపోయిన ఏడు ఆ సభకు వెళ్లాను. మూడు గంటలు పై మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఆయన అడుగున కూర్చుని విన్నారు. మధ్యలో ఒక్క మాట అడ్డు రాలేదు. చివరికి, 'తెడ్డు నువ్వే పట్టుకోకూడదా అమ్మా,' అన్నారు. అంతే. ఆ మాట మీద ఇన్నాళ్లు బతికాను." ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఇవాళ ఆయన కోసం వచ్చాను. నీ కోసం అనుకుంటున్నావేమో!"

ఒడ్డు చేరాక నీరదుడు కూలివేషం వేసుకుని, కత్తిని ఒరతో సహా గోనెలో చుట్టి నడుము దట్టీకి బిగించాడు. నూకమ్మ అంబలి కుండ నెత్తిన పెట్టుకుంది. ఇద్దరూ గోడ ఎక్కారు.

గోడకు ఒక పక్క నది ఆకాశమంత ఎత్తున నిలబడి ఉంది. గాజుపలక వెనక బంధించినట్టు చేపలు కళ్ల ఎదుటే ఈదుతున్నాయి. రెండో పక్క సలిలపురం, ఎర్రపెంకుల ఇళ్లు, ఉయ్యాలల్లో పిల్లలు. గోడ పగిలితే ఒక్క దీపం మిగలదు. రాళ్ల సందుల్లోంచి నీళ్లు బుసలు కొడుతున్నాయి. కూలీలు బరువులు మోస్తూ సన్నటి చెక్కపలక మీద వరసగా వస్తున్నారు, పోతున్నారు.

నీరదుడి కళ్లు ఒక మనిషి మీద ఆగాయి. ఆరడుగుల ఎత్తు, విశాలమైన ఛాతీ, పులి నడక. "రాయి అటు కాదు, ఇటు!" అని అతను ఉరిమితే పదిమంది ఉలిక్కిపడుతున్నారు. చిరిగిన గుడ్డల్లో ఉన్నా రాచఠీవి దాగుతుందా? నీరదుడి గుండె పొంగింది. దగ్గరికి వెళ్లి వంగి, "తండ్రీ! నేను నీరదుణ్ణి," అన్నాడు మెల్లగా.

ఆ మనిషి అతన్ని కావలించుకున్నాడు. "కుమారా! ఎన్నాళ్లకు వచ్చావు!"

నాలుక కట్టేసిన రాజు మాట్లాడుతున్నాడేమిటని నీరదుడికి తట్టేసరికి ఆ కౌగిలి ఉచ్చులా బిగిసింది. అతను రాజు కాదు. మాంత్రికుడి దళపతి భల్లూకుడు! "కొడుకనేవాడు వస్తే ఠీవిగా ఉన్నవాడి దగ్గరికే వస్తాడని మా ప్రభువు ముందే చెప్పారు," అని వికటంగా నవ్వి ఈల వేశాడు. ముప్పైమంది భటులు కత్తులు దూశారు.

నీరదుడు మోకాలితో వాడి పొట్టలో పొడిచి విడిపించుకుని చెక్కపలక మీదికి దూకాడు. వెనక భటులు. ఎదురుగా రాళ్లు మోసుకొస్తున్న కూలీల వరస. ఇక దొరికిపోయినట్టే!

ముందున్న ముసలి కూలీ నీరదుణ్ణి చూశాడు, వెనక కత్తులనూ చూశాడు. పక్కకు ఒదిగి, "నువ్వు ముందు నాయనా," అన్నాడు. నీరదుడు దాటాడు. తర్వాతి కూలీ, "నువ్వు ముందు." ఆ తర్వాతి వాడూ అంతే. యాభైమందిని దాటి నీరదుడు అవతలి కొసకు చేరాడు. అప్పుడు భటులు పలక ఎక్కారు.

"తప్పుకోండి!" అని అరిచాడు భల్లూకుడు.

"తప్పకుండా దొరా. అన్నా, నువ్వు తప్పుకో, దొరగారు వెళ్లాలి."

"నాకన్నా నువ్వు పెద్దవాడివి మామా. నీ ముందు నేను తప్పుకోవడం ధర్మం."

"ఎంత మాట! నిరుడు నువ్వే నాకు దారి ఇచ్చావు. ఇవాళ వంతు నాది."

"అట్లయితే ఇద్దరం ఒక్కసారే తప్పుకుందాం."

"తప్పుకుంటే ఎవరు ముందు తప్పుకున్నట్టు? పంచాయతీ పెట్టాలి."

పలక నిండా మర్యాదే. భల్లూకుడు పళ్లు కొరికాడు. తోద్దామంటే పలక ఊగి తానే నదిలో పడతాడు. ఒకడి మీద కత్తి ఎత్తాడు. ఆ కూలీ భయపడి తలమీది రాయి కింద పెట్టాడు, సరిగ్గా దళపతి కాలి మీద. "క్షమించండి దొరా, బరువు మీకు దారి ఇచ్చింది!"

ఈలోగా నీరదుడు గోడ కిందికి జారి, కూలీలు అంబలి తాగే గుంటలో ఒక గంగాళం వెనక నక్కాడు. గుంటకు మట్టిమెట్లు. పైన నూకమ్మ గరిటెతో అంబలి పోస్తోంది. అందరూ తాగి వెళ్లిపోయాక చివరన ఒక బక్కపలచని ముసలాయన వచ్చాడు. వీపు మీద రాళ్లు కోసిన గాట్లు. చిప్ప పట్టుకుని, ఖాళీగా ఉన్న అన్ని మెట్లూ దిగి అట్టడుగున తడి నేల మీద కూర్చున్నాడు. తలమీది చుట్టకుదురు తీసి పక్కన పెట్టాడు.

పైనుంచి నూకమ్మ ఆ తల చూసింది. నడినెత్తిన రెండు సుడులు, వాటి నడుమ పాత దెబ్బ మచ్చ. మూడు గంటలు ఏడుస్తూ చూసిన తల అది. గరిటె చేతిలోంచి జారిపోయింది.

"బాబూ," అంది. "మీ నాన్నగారు. అదుగో, అడుగుమెట్టు మీద."

నీరదుడు వచ్చి ఆ కాళ్ల మీద పడ్డాడు. ముసలాయన కొడుకు భుజాలు పట్టుకుని లేపి తన చిప్పలోని అంబలిలో సగం అతని నోటికి అందించాడు. ఇద్దరి కళ్లూ వర్షించాయి. కానీ తీరిక ఎక్కడ? పడమట ఎండ ఎర్రబడుతోంది.

నీరదుడు తన కత్తి తీసి ఇచ్చాడు. రాజు తల అడ్డంగా ఊపి, మూలన పడివున్న పాత పార తీసుకున్నాడు.

భటులు పలక దాటి అవతల వెతుకుతుండగానే ముగ్గురూ గోడ వెంట పల్లానికి పరిగెత్తారు. అక్కడ, గోడ పాదాన, రాజుగారి పొలం, గట్టున వరద రోజులకని బోర్లించి ఉంచిన ఒక పుట్టి. వరి పొట్ట విప్పి బంగారు నీటిలా ఊగుతోంది. దాటగానే ఊరి వెనక్కి తిరిగే పాత వాగు. నీళ్లు ఇక్కడ దిగితే ఊరు బతుకుతుంది. పోయేది రాజుగారి పంట ఒక్కటే.

ఏడంతస్తుల మేడ కొసనుంచి ధూమదంష్ట్రుడు చూశాడు. "నా నది!" అని కేక పెట్టాడు. వాడి ఒంట్లోంచి నల్లటి పొగ సుళ్లు తిరుగుతూ లేచింది. పొగలోంచి రెండు తలలు, కొడవళ్లలాంటి ముక్కులు, ఇనుప గోళ్లు. మబ్బంత రెక్కలు విప్పుకుని గండభేరుండ పక్షి ఆకాశం కప్పేసింది.

"త్వరగా నాన్నగారూ!"

రాజు తొందరపడలేదు. గోడకు చెవి ఆనించి విన్నాడు. నాలుగడుగులు పక్కకు జరిగి మళ్లీ విన్నాడు.

"వాడు వచ్చేస్తున్నాడు! ఎక్కడో ఒకచోట కొట్టండి!"

నూకమ్మ అతని మూతి మూసింది. "నదిని అడుగుతున్నారు, ఎటు పోతావమ్మా అని. అడ్డం రాకు. నేను మూడు గంటలు ఏడ్చినప్పుడే ఆయన తొందరపడలేదు!"

పక్షి దిగింది. నీరదుడు కత్తి గాలిలో మెరిపించి ఒక ముక్కును అడ్డుకున్నాడు. నిప్పురవ్వలు రాలాయి. రెండో ముక్కు అతని భుజం చీల్చింది. అతను దొర్లి లేచి రెక్క కింద పొడిచాడు. నల్లటి ఈకలు బూడిదై కురిశాయి.

రాజు గోడ పాదాన మోకాళ్ల మీద కూర్చున్నాడు. అరచేతి వెడల్పు చోటు చూసుకుని పార ఎత్తి ఒక్క దెబ్బ కొట్టాడు. ఒక్కటే. కాల్చిన రాయి తడి బెల్లంలా విడిపోయింది. రాళ్ల సందులోంచి ఊడివచ్చిన మొదటి మట్టిపెళ్లను రాజు ఏటా చేసినట్టే తన నెత్తిన పెట్టుకున్నాడు.

ముందు ఒక సన్నటి ధార. తర్వాత ఏనుగు తొండమంత. తర్వాత నది!

తరళ పొలంలోకి దిగింది. బంగారు వరి మీదుగా పరుచుకుని, వాగు పట్టుకుని, ఊరికి ప్రదక్షిణం చేసినట్టు వెనక్కి తిరిగింది. గోడ మీద బరువు తగ్గింది, బుసలు ఆగాయి. నది కట్టుతో పాటే రాజు నాలుక కట్టూ తెగిపోయింది. గోడ మీద వెయ్యిమంది ఊపిరి బిగబట్టి కిందికి చూస్తున్నారు. మట్టిపెళ్ల కరిగి కారుతున్న ఆ నడినెత్తి చూసి, "మన రాజుగారు! రెండు సుడులు!" అని ఒకరు అరిచారు. ఇన్నాళ్లూ తమ పక్కన రాళ్లు మోసింది ఎవరో అప్పుడు తెలిసి అందరూ బావురుమన్నారు.

రాజు భటులను పట్టుకోండనలేదు, చంపండనలేదు. రెండు చేతులూ జోడించి వాళ్ల వైపు తలెత్తి, "దారి ఇచ్చారు నాయనలారా," అన్నాడు. "నేను మోయలేని రోజున నా రాయి మీరు మోశారు. నేనెవరినని అడగకుండా మోశారు."

ఆ మాట పూర్తి కాకముందే పక్షి ఆయన మీదికి ఉరికింది. నీరదుడు అడ్డం పడ్డాడు. ఇనుప గోళ్లు అతని నడుము కత్తిదట్టీని పట్టి, అతన్ని ఎత్తుకుని, తాటిచెట్ల ఎత్తు, కొండ ఎత్తు, మేడ ఎత్తు పైకి లేచాయి.

"సౌమ్యకీర్తీ!" అని రెండు నోళ్లతో గర్జించాడు ధూమదంష్ట్రుడు. "పొద్దు ఇంకా వాలలేదు. నువ్వు తెరిచిన గండి నీ చేత్తోనే పూడ్చు! లేకపోతే నీ కొడుకును ఈ మేడ రాళ్ల మీద పగలగొడతాను!"

పార పట్టుకున్న రాజు కొడుకు వైపు చూశాడు, ఊరి వైపు చూశాడు. ఆ చెయ్యి పారను ఎత్తబోయి మళ్లీ దించడం అంత ఎత్తునుంచి కూడా నీరదుడికి కనిపించింది. ఆ ముసలిచేతి మీద ఇంకొక్క రాయి పెట్టకూడదనుకున్నాడు.

అతని కుడిచేతిలో ఇంకా కత్తి ఉంది. పొడిస్తే పక్షి విదిలిస్తుంది. కింద మేడ. అదను చూడాలి. పక్షి ఒక చుట్టు తిరిగింది. మేడ జరిగి, గోడ జరిగి, కిందికి నాన్నగారి పొలం వచ్చింది. లోతుగా, మెత్తగా, ఎర్రటి ఎండను మోస్తూ నిండిన నీళ్లు. వాటి అంచున చిన్న గవ్వలా ఒక పుట్టి. అందులో నిలబడి రెండు చేతులూ ఊపుతున్న నూకమ్మ. గాలిలో ఆమె గొంతు అందలేదు కానీ మాట అతనికి తెలుసు.

కత్తిని ఒరలో పెట్టాడు. పన్నెండేళ్ల ప్రాణాన్ని ఒకసారి నిమిరి, "దారి ఇచ్చావు," అన్నాడు.

తర్వాత దట్టీ ముడి విప్పేశాడు.

కత్తి, ఒర, దట్టీ మాత్రమే పక్షి గోళ్లలో మిగిలాయి. రెండు తలలూ ఒక్కసారి కిందికి వంగి, రెక్కలు ముడిచి, అతని వెనకే బాణంలా దూకాయి. నీరదుడు వెనక్కి చూడలేదు. కళ్లు తెరుచుకునే, కాళ్లూ చేతులూ కొట్టుకోకుండా, వెల్లకిలా, ఒళ్లు మొత్తం వదిలేసి, తండ్రి పొలం మీదికి పడుతూ ఉన్నాడు.

*

ఇట్లు,
గొర్లె సింహాద్రమ్మ,
వయస్సు అరవై ఎనిమిది,
ప్రస్తుతం ఉంటున్నది కొత్తవలసలో, మా చెల్లెలి ఇంట్లో.